మెచ్చుకోవడం కూడా భక్తే: హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి కథ



ఈ వారం వీడియోలో ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి చెప్పుకున్నాం కదా. అంత పెద్ద జీవితం చిన్న వీడియోలో ఎక్కడ పడుతుంది చెప్పండి? చాలా వదిలేయాల్సి వచ్చింది. ఆ మిగిలిన కథ తీరిగ్గా ఇక్కడ చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న ప్రశ్న. మీకు ఎవరంటే బాగా ఇష్టం? హీరో కావచ్చు, క్రికెటర్ కావచ్చు, మీ లెక్కల మాస్టారు కావచ్చు, మీ అమ్మమ్మ కావచ్చు. సరే, వాళ్ళలో ఏం చూసి ఇష్టపడ్డారు? ఇక్కడికొచ్చేసరికి మనలో చాలామంది కాసేపు ఆగిపోతాం. ఎవరు ఇష్టమో టక్కున చెప్తాం. ఏ గుణం ఇష్టమో చెప్పాలంటే మాత్రం ఆలోచించుకోవాలి.

నారాయణదాసు గారి జీవితం ఈ రెండో ప్రశ్నకి ఎనభై ఏళ్ళ పాటు చెప్పిన జవాబు అనిపిస్తుంది నాకు. ఆయన ఎవరిలో ఏది చూసి మురిసిపోయారో, అదే నేర్చుకున్నారు, అదే పాడారు, అదే పదిమందికీ పంచారు.

మన పక్క ఊరాయనే

కూర్మన్నపాలెంలో ఉండేవాళ్ళకి ఆయన ఊరు పెద్ద దూరమేం కాదు. దువ్వాడ స్టేషన్లో రైలెక్కితే కొత్తవలస మీదుగా విజయనగరం. అక్కణ్ణుంచి రాయగడ వైపు లైన్లో వెళ్తే బొబ్బిలి. ఆ బొబ్బిలికి దగ్గర్లో అజ్జాడ అనే పల్లెటూరు ఉంది. 1864 ఆగస్టు 31న దాసుగారు పుట్టింది అక్కడే. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. నారాయణదాసు అనే పేరు తరవాత వచ్చింది.

సింహాచలం స్వామిని అప్పన్న అని, శ్రీకూర్మం స్వామి పేరు పిల్లలకి పెట్టుకుని కూర్మన్న అని నోరారా పిలుచుకునే ప్రాంతం మనది. దేవుడంటే భయం కన్నా చనువు ఎక్కువ ఇక్కడ. ఆ చనువు దాసుగారి కథల్లో కూడా నిండా ఉంటుంది.

అమ్మ నోట విన్న భాగవతం

తండ్రి వెంకటచయనులు గారు పండితుడు. తల్లి నరసమ్మ గారు. ఇంట్లో చదువుకి లోటు లేదు గానీ డబ్బుకి లోటే. చిన్నప్పుడు బడికి పంపే స్తోమత లేదు. అయినా ఇంట్లో అమ్మ పాడుకునే పురాణ పద్యాలూ పాటలూ ఉన్నాయి. అవి వింటూ వింటూ పిల్లాడికి నోటికొచ్చేశాయి.

దాసుగారి గురించి ఒక కథ చెప్పుకుంటారు. అయిదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో గుడికి వెళ్ళినప్పుడు, అక్కడ పుస్తకాల కొట్టు దగ్గర ఆగిపోయి భాగవతం కావాలని పేచీ పెట్టాడట. ఇంత పిల్లాడికి భాగవతం ఎందుకని కొట్టాయన నవ్వితే, పిల్లాడు అక్కడే నిలబడి భాగవత పద్యాలు గడగడా చదివేశాడట. కొట్టాయన ముచ్చటపడి పుస్తకం చేతిలో పెట్టి, పైగా బహుమానం కూడా ఇచ్చి పంపాడట.

ఈ కథ విన్నప్పుడల్లా మనం పిల్లాడి తెలివినే మెచ్చుకుంటాం. కొట్టాయన్ని కూడా ఒకసారి చూడండి. అమ్ముకోవాల్సిన పుస్తకాన్ని ఊరికే ఇచ్చేశాడు. ఎదుటివాడిలో మంచి గుణం కనబడితే చెయ్యి దానంతటదే ముందుకి వస్తుంది. దాసుగారు అందుకున్న మొదటి బహుమతి అలాంటి మెప్పు నుంచి వచ్చింది. పెద్దయ్యాక ఆయన కూడా ఇంకొకరికి సరిగ్గా ఇలాంటి పనే చేశారు. అది కాసేపట్లో చెప్తాను.

మనవడి గొంతులో ఏదో ఉందని కనిపెట్టింది అమ్మమ్మ గారు. బొబ్బిలిలో వాసా సాంబయ్య గారి దగ్గర సంగీతానికి పెట్టించారు. తరవాత విజయనగరంలో ప్లీడరుగా ఉన్న అన్నగారు తన దగ్గర ఉంచుకుని ఇంగ్లీషు చదువులో వేశారు. అలా ఒక చేతిలో వీణ, ఇంకో చేతిలో ఇంగ్లీషు పుస్తకం. అప్పట్లో విజయనగరం అంటే మామూలు ఊరు కాదండీ. ఆనంద గజపతి రాజు గారి ఆస్థానం, పండితులు, గాయకులు, మల్లయోధులు. కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు గారు కూడా అదే ఊళ్ళో, అదే కాలంలో ఉన్నారు. దాసుగారి కన్నా రెండేళ్ళు పెద్ద.

ఒక్క హరికథ విని

1883. కుర్రాడికి ఇంకా ఇరవై నిండలేదు. కుప్పుస్వామి నాయుడు గారనే ఆయన విజయనగరం వచ్చి హరికథ చెప్పారు. అది విన్న కుర్రాడి మనసు అక్కడే ఉండిపోయింది. ఇదే నా దారి అనుకున్నాడు. అదే ఏడాది సొంతంగా ధ్రువ చరిత్ర కట్టి, తొలి హరికథ చెప్పేశాడు.

మనకీ ఇలాంటివి జరుగుతాయి కదా. ఒక మంచి కచేరీ వింటాం, ఒక మంచి ఆట చూస్తాం, రెండ్రోజులు ఆ మత్తులోనే ఉంటాం. స్టేటస్ పెడతాం. తరవాత ఇంకోటి వస్తుంది. దాసుగారికి మాత్రం ఆ మత్తు అరవై ఏళ్ళు దిగలేదు. చూసి మెచ్చుకున్నదాన్ని తన ఒంటికి పట్టించుకునే దాకా ఊరుకోలేదు ఆయన.

హరికథ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పట్టు పంచె, మెళ్ళో పూలదండ, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు. వెనకాల మృదంగం, వయొలిన్ లాంటి పక్క వాద్యాలు. కథ చెప్పేది మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరే పద్యం పాడాలి, కీర్తన పాడాలి, వచనం చెప్పాలి, ఆడాలి, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించాలి, చివర్లో కళ్ళు చెమర్చేలా చెయ్యాలి. ఒకే మనిషి కాసేపు ధ్రువుడు, కాసేపు సవతి తల్లి, కాసేపు నారదుడు. మైకులు లేని రోజుల్లో ఇదంతా గంటల తరబడి, వేలమంది ముందు. తమిళ దేశంలో మరాఠీ కీర్తన సంప్రదాయం ప్రభావంతో హరికథ ఎదిగితే, మన దగ్గర దానికి ఆటని కూడా కలిపి తెలుగు రూపం ఇచ్చింది దాసుగారు. అందుకే హరికథా పితామహుడు అన్నారు.

ఆయనకి తాళం మీద ఉన్న పట్టు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్ళతో రెండు తాళాలు, తలతో ఇంకో తాళం. అయిదూ ఒకేసారి. దాన్ని పంచముఖి అంటారు. ఆ విద్య చూసే పంచముఖి పరమేశ్వర అనే బిరుదు ఇచ్చారు. ఒక చేత్తో ఆది తాళం, ఇంకో చేత్తో రూపకం వేసి చూడండి. అయిదు తాళాల మాట ఏంటో తెలుస్తుంది.

ఆయన కథల్లో ఎవరున్నారు?

ఒక మనిషికి ఏ గుణాలంటే ప్రాణమో తెలియాలంటే, ఆయన పదే పదే ఎవరి కథ చెప్పుకున్నాడో చూస్తే చాలు. దాసుగారు రాసిన హరికథల పేర్లు చూడండి. ధ్రువ చరిత్ర, ప్రహ్లాద చరిత్ర, అంబరీష చరిత్ర, సావిత్రీ చరిత్ర, రుక్మిణీ కల్యాణం, భీష్మ చరిత్ర, జానకీ శపథం. వీళ్ళందరిలో ఉన్న ఒక గుణం ఏంటంటే, పట్టు. అనుకున్న మాట మీద నిలబడటం.

ధ్రువుడు అయిదేళ్ళవాడు. తండ్రి ఒళ్ళో కూర్చోబోతే సవతి తల్లి సురుచి తోసేసింది. ఆ అవమానం మీద అడవికి వెళ్ళాడు. స్వామి ప్రత్యక్షమైతే, ఎవరికీ అందని చోటు దొరికింది. కానీ భాగవతంలో అసలు అందం ఆ తరవాత ఉంటుంది. ఇంటికి తిరిగొస్తూ ధ్రువుడు బాధపడతాడు. మోక్షమిచ్చే స్వామి ఎదురుగా నిలబడితే నేను పదవిని మనసులో పెట్టుకున్నానే అని. పంతంతో బయల్దేరినవాడు ప్రేమతో తిరిగొచ్చాడు. ఇరవై నిండని కుర్రాడు తన తొలి కథగా దీన్ని తీసుకున్నాడంటే, ఆ వయసు పంతమూ కసీ ఎలా ఉంటాయో మనకి తెలియనిది కాదు.

అంబరీషుడిది ఇంకో రకం పట్టు. ఆయన మహారాజు. ఏకాదశి వ్రతం చేసి ద్వాదశి పారణకి కూర్చునే వేళకి దుర్వాసుడు వచ్చి, స్నానానికని వెళ్ళి ఎంతకీ రాలేదు. తిథి దాటిపోతోంది. అతిథి లేకుండా తినకూడదు. ఇటు వ్రతం, అటు మర్యాద. నాలుగు చుక్కల నీళ్ళు తాగి ఊరుకున్నాడు. దానికే దుర్వాసుడికి కోపం. చివరికి సుదర్శన చక్రం తరిమితే ప్రాణభయంతో లోకాలన్నీ తిరిగి, అంబరీషుడి కాళ్ళ దగ్గరికే వచ్చాడు. ఏడాది పాటు ఆ రాజు ఏం చేశాడో తెలుసా? తనని చంపబోయిన అతిథి కోసం తిండి మానేసి ఎదురు చూశాడు. వచ్చాక ఆయన్ని కాపాడమని చక్రాన్ని వేడుకున్నాడు.

సావిత్రి యముడితో మాటకి మాట నిలబెట్టుకుంది. రుక్మిణి తనకి ఎవరు కావాలో తనే నిర్ణయించుకుని కృష్ణుడికి కబురు పంపింది. నిజంగా హరికథ అంటేనే ఇది. దేవుడి గుణాలూ, దేవుణ్ణి నమ్మినవాళ్ళ గుణాలూ పదిమంది ముందు నిలబడి మనసారా మెచ్చుకోవడం. నవవిధ భక్తుల్లో శ్రవణం, కీర్తనం ముందు వరసలో ఉన్నాయి కదా. వినడం, చెప్పడం. మెచ్చుకోలుకి కావలసినవి కూడా ఆ రెండే.

అభిమానం అనే మాటకి రెండు అర్థాలు

ఇదంతా విని దాసుగారు చాలా నెమ్మదస్తుడు, ఎవరేమన్నా తల వంచుకునే మనిషి అనుకునేరు. కానే కాదు. భారీ విగ్రహం, కంచు గొంతు, తన విద్య మీద గట్టి నమ్మకం. తిండి, వ్యాయామం, సంగీతం, సరదాలు అన్నీ ఇష్టమే. నా యెరుక అనే పేరుతో స్వీయ చరిత్ర రాసుకున్నారు. అందులో మొదటి ముప్ఫై ఏళ్ళ సంగతులే ఉంటాయి. కుర్రతనపు అల్లరినీ, సరదాలనీ దాచిపెట్టకుండా రాశారు. భక్తుల జీవిత చరిత్ర అంటే మనం ఊహించుకునే తరహా పుస్తకం కాదది.

తెలుగులో అభిమానం అనే మాట భలే మాటండీ. ఒకరి మీద ఇష్టం ఉన్నా అభిమానమే. తన గౌరవం తను కాపాడుకున్నా అభిమానమే. అభిమాన హీరో అంటాం, అభిమానం గల మనిషి అనీ అంటాం. చాలామందిలో ఈ రెండూ ఒకదాన్నొకటి తినేస్తుంటాయి. తన మీద తనకి అభిమానం ఎక్కువైతే ఎదుటివాడు కంటికి ఆనడు. ఎదుటివాడి మీద అభిమానం ముదిరితే తన బుర్ర తాకట్టు పెట్టేస్తాడు. మన హీరో గొప్పవాడని చెప్పడానికి పక్క హీరోని తిట్టే గొడవలు రోజూ చూస్తూనే ఉన్నాం కదా.

దాసుగారిలో ఈ రెండు అభిమానాలూ నిండుగా ఉన్నాయి, పోట్లాడుకోలేదు. తన సత్తా తనకి తెలుసు కాబట్టి ఇంకొకరి సత్తా ఒప్పుకోవడానికి ఆయనకి భయం వెయ్యలేదు.

దేశం ఏదైతేనేం, గుణం ఉంటే చాలు

దాసుగారి ఇష్టాలు ఎంత దూరం వెళ్ళాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కాళిదాసంటే ప్రాణం. షేక్స్పియర్ని కూడా ఇంగ్లీషులో చదివారు. ఇద్దరి నాటకాల్లోంచీ ఘట్టాలు ఏరి, తెలుగు చేసి, నవరసాల వారీగా పక్కపక్కన పెట్టి నవరస తరంగిణి అనే పుస్తకం చేశారు. శృంగారానికి ఈయన ఇలా రాశాడు, ఆయన అలా రాశాడు, చూసుకోండి అన్నట్టు.

దానికన్నా పెద్ద ఉదాహరణ ఉమర్ ఖయ్యాం. పారసీ కవి. ఆయన రుబాయీలని ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఆయన 1859లో ఇంగ్లీషులోకి తెచ్చాక ప్రపంచమంతా పేరొచ్చింది. మన దేశంలోనూ చాలామంది ఆ ఇంగ్లీషు పుస్తకం చూసే తమ తమ భాషల్లోకి మార్చుకున్నారు. దాసుగారికి అది చాలలేదు. అసలు ఖయ్యాం ఏమన్నాడో ఖయ్యాం మాటల్లోనే తెలియాలి. దానికోసం పారసీ చదివారు. ఇంగ్లీషు అనువాదం మూలానికి దూరంగా ఉందని తేల్చుకుని, మూలంలోంచే నేరుగా సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ మార్చారు. మూలం, ఇంగ్లీషు, సంస్కృతం, అచ్చ తెలుగు అన్నీ ఒక్క చోట పెట్టిన పుస్తకం 1932లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు అరవై ఏడో, అరవై ఎనిమిదో.

మెడలో పూలదండ వేసుకుని హరిని కీర్తించే దాసుగారికి, మధువు గురించి పాడిన పారసీ కవితో పనేంటి అని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటారేమో. ఆయనకి మాత్రం ఆ అడ్డు కనబడలేదు. మంచి కవి ఎక్కడున్నా మంచి కవే. ఇష్టపడ్డాక పైపైన తెలుసుకుని వదిలేసే అలవాటు ఆయనకి లేదు. మనం ఒక శ్లోకం ఇష్టపడితే దాని అర్థం కోసం పది నిమిషాలు వెతకడానికి బద్ధకిస్తాం. ఆయన నాలుగు పాదాల పద్యాల కోసం ఒక భాషనే పట్టుకున్నారు.

అచ్చ తెలుగు మీద ఆయనకున్న మమకారం కూడా అలాంటిదే. లలితా సహస్రనామాన్ని తల్లివిన్కి అనే పేరుతో అచ్చ తెలుగులోకి తెచ్చారు. ఋగ్వేదంలోంచి ఋక్కులు ఏరి మ్రొక్కుబడి అనే పేరుతో అచ్చ తెలుగు చేశారు. హరికథలు తెలుగులో రాశారు, సంస్కృతంలోనూ రాశారు. తొంభై రాగాలు గుచ్చి దశవిధ రాగ నవతి కుసుమ మంజరి అనే రచన చేశారు.

విద్యార్థిగా వచ్చినవాడికి గురువు కుర్చీ

ఇప్పుడు ఇందాక చెప్తానన్న సంగతి. దాసుగారి జీవితం మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

1919లో విజయరామ గజపతి రాజు గారు విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టారు. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు, చూపులేని కుర్రాడు, సంగీతం నేర్చుకోవాలని తపన పడుతుంటే, ఆ కుర్రాడి కోసమే మొదలైన ఆలోచన ఇది అని చెప్తారు. అదే ఇప్పటి మహారాజా సంగీత కళాశాల. ఘంటసాల గారు చదువుకున్నది అక్కడే. పి. సుశీల గారు చదువుకున్నదీ అక్కడే. దానికి మొట్టమొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసు గారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. మైసూరు ఆస్థానం దాకా వెళ్ళి కథ చెప్పి వచ్చిన పేరు ఉంది.

ఆ పాఠశాలలో చేరదామని విశాఖపట్నంలో పెరిగిన ఒక కుర్రాడు వచ్చాడు. వయసు పాతిక. కంటి చూపు అంతంత మాత్రం. బడిలో నల్లబల్ల మీద రాతలు సరిగ్గా కనబడక చదువు మధ్యలోనే ఆగిపోయింది. అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నాడు. ఇంకా నేర్చుకోవాలని విద్యార్థిగా చేర్చుకోమని అడగడానికి వచ్చాడు. పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు.

దాసుగారు ఆ కుర్రాడి వయొలిన్ విన్నారు. విద్యార్థిగా చేర్చుకోలేదు. వయొలిన్ గురువుగా ఉద్యోగం ఇచ్చారు.

ఒక్క నిమిషం దాసుగారి చోట మనం కూర్చుని చూద్దాం. మనం ఒక సంస్థకి పెద్ద. మన పేరు చూసే అందరూ వస్తున్నారు. ఒక కుర్రాడు వచ్చి నేర్పించమని అడిగాడు. గొప్పగా వాయిస్తున్నాడు. అతన్ని శిష్యుడిగా పెట్టుకుంటే రేపు అతను ఎంత పైకొచ్చినా ఆ పేరు మనకే వస్తుంది. ఇందులో తప్పేం లేదు కూడా, అడిగింది అతనే కదా. దాసుగారు ఆ పేరు వదులుకున్నారు. నీకు నేర్పాల్సింది లేదు, నువ్వే నేర్పాలి అన్నట్టుగా పక్కన కుర్చీ వేశారు. ఒకరి గుణాన్ని మెచ్చుకోవడం అంటే నోటితో భేష్ అనడం దగ్గర ఆగదు. మనకి రావాల్సినదాంట్లో కొంత వదులుకోవాల్సి వచ్చినప్పుడే ఆ మెప్పు ఎంత నిజమో తెలుస్తుంది.

ద్వారం వారు ఆ తరవాత ఏమయ్యారో అందరికీ తెలుసు. దేశమంతా చెవులు రిక్కించి విన్న వయొలిన్ అది. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1936లో దాసుగారి తరవాత ఆ పాఠశాలకి ప్రిన్సిపాల్ అయింది కూడా ద్వారం వారే. పదిహేడేళ్ళ క్రితం చేరతానని వచ్చిన గుమ్మంలోనే ప్రిన్సిపాల్‌గా అడుగు పెట్టారన్నమాట. పుస్తకాల కొట్టాయన అయిదేళ్ళ పిల్లాడికి చేసింది చిన్నది, దాసుగారు ద్వారం వారికి చేసింది పెద్దది. మనసు మాత్రం ఒక్కటే.

1945 జనవరి 2న నారాయణదాసు గారు కన్నుమూశారు. ఆయన కట్టిన దారి మాత్రం ఆగలేదు. కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాలలో ఇప్పటికీ పిల్లలు హరికథ నేర్చుకుంటున్నారు. అక్కడ నేర్చుకుని సంస్కృతంలో హరికథలు చెప్పే డి. ఉమామహేశ్వరి గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది.

మరి మనం?

మన కూర్మన్నపాలెం, గాజువాక, ఉక్కునగరం వైపు పెరిగిన పిల్లలకి పోటీ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ర్యాంకులు, ప్లేస్‌మెంట్లు, ఎవడికి ఎంత ప్యాకేజీ. పక్కవాడికి మంచి జరిగిందని తెలియగానే లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. అది సహజమే, దానికి ఎవర్నీ తప్పు పట్టలేం. కానీ ఆ ముల్లు అలాగే ఉంచుకుంటే ఇంకొకరి మంచిని చూసే కన్ను మెల్లగా మూసుకుపోతుంది. ఆ కన్ను మూసుకుపోయాక దేవుడి గుణాలు వెయ్యి నామాల్లో చదివినా మనసుకి ఎక్కవు. ఎదురుగా ఉన్న మనిషిలో ఓర్పుని గుర్తు పట్టలేనివాళ్ళం అంబరీషుడి ఓర్పు విని ఏం ఆనందిస్తాం?

అందుకని ఈ వారానికి ఒక చిన్న సాధన. పెద్ద పూజలేం అక్కర్లేదు. మీకు నచ్చిన ఒక మనిషిని తలుచుకోండి. వాళ్ళలో ఏ గుణం నచ్చిందో ఒక్క మాటలో కాగితం మీద రాసుకోండి. వీలైతే ఆ సంగతి వాళ్ళకి చెప్పండి. మీకు కొంచెం అసూయగా ఉన్న మనిషైతే ఇంకా మంచిది. తరవాత ఆ గుణం కోసం మీరు రోజూ ఏం చెయ్యగలరో చూసుకోండి. దాసుగారు ఖయ్యాం కోసం పారసీ నేర్చుకున్నారు, మనం కనీసం ఒక పావుగంట కేటాయించలేమా?

వీలు చూసుకుని ఒక ఆదివారం విజయనగరం వెళ్ళి రండి. కోట చూడండి, మహారాజా సంగీత కళాశాల చూడండి. చూపు సరిగ్గా లేని ఒక కుర్రాడు వయొలిన్ పట్టుకుని చేరడానికి వచ్చింది ఆ పాఠశాలకేనని గుర్తు చేసుకోండి.

వచ్చే వారం వీడియోలో అంబరీషుడి కథ పూర్తిగా చెప్పుకుందాం. అందాకా సెలవు. అప్పన్న స్వామి అందర్నీ చల్లగా చూడాలి. హరి ఓం.